మట్టికుండయు మారథాను పరుగును



"పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలు" అని మనవారు చెప్పుదురు. 48 ఏండ్ల వయస్సున నేను తెల్లవారుజామున కాలువగట్టుపై పరుగెత్తుట మొదలుపెట్టిన దినములలో, మా యూరి రావిచెట్టు క్రింద కూర్చుండు పెద్దలందరును నాకు వినిపించిన సామెత యిదియే. అందులో ఒకాయన, "పంతులుగారూ, ఇంతకును మీరు పరుగెత్తి త్రాగుచున్న పాలెక్కడ?" అని కూడ నడిగెను. అప్పుడు నేను బదులు చెప్పలేకపోతిని. నేడు చెప్పగలను. నేను పరుగెత్తి వచ్చి, నిలబడి, నా చేతితో చేసిన బానలోని నీళ్లు త్రాగుచున్నాను. ఆ బాన నాకెట్లు పట్టుబడినదో, పట్టుబడక మునుపు నేనెంత నష్టము చేసితినో, ఆ నష్టమువలన ఏమి నేర్చుకొంటినో మీకు విన్నవించుటయే ఈ ప్రసంగము నుద్దేశము.

నేను బడిపంతులను. మా యూరు కృష్ణాజిల్లాలో కాలువ యొడ్డున నున్నది. 2021 సంవత్సరమున డాక్టరుగారు నా రక్తమును పరీక్షించి, చక్కెర హద్దు దాటుచున్నదనియు, దినమునకు కొంతదూరము నడువవలసినదనియు చెప్పిరి. నడక క్రమముగా పరుగైనది. పరుగు క్రమముగా పట్టుదలయైనది. హైదరాబాదు నగరమున ఆగస్టు మాసము చివర మారథాను అను దూరపు పరుగు జరుగుచుండును. దాని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. పాత లెక్కలో 26 మైళ్ల పైమాట. 2022 ఆగస్టులో ఆ దూరము పరుగెత్తవలెనని నిశ్చయించుకొంటిని.

పరుగు నేర్చుకొనువానికి పరుగులేని దినములే మిక్కిలి కష్టమైనవి. వారమునకు రెండు దినములైన కాళ్లకు విశ్రాంతి యీయవలెనని అనుభవము గలవారు చెప్పిరి. ఆ రెండు దినములును నాకు తోచెడిది కాదు. అట్టి యొక ఆదివారమునాడు కుమ్మరివీధిని పోవుచు, తిరుగుచున్న సారెపై మట్టిముద్దలోనుండి ముంత లేచి వచ్చుట చూచి నిలిచిపోతిని. ఆ సారె త్రిప్పుచున్న పెద్దాయనకు డెబ్బది యేండ్లు దాటినవి. ఊరి వాడుక ననుసరించి నేనాయనను చిన్ననాటినుండియు "మామా" అని పిలుచుచున్నాను.

"మామా, నాకీ పని నేర్పెదవా?" అని యడిగితిని.

ఆయన చేయి ఆపకయే, "నేర్పుటకేమి పంతులుగారూ! మీకిది ఆట, మాకిది అన్నము. ఆటకు వచ్చినవారు అన్నపుకుండను తన్నకుండ నుండిన చాలును" అని నవ్వెను. నవ్వుచు అన్న మాటయే గాని, తరువాత నది అక్షరాల జరిగినది.

కుండ చేయుట చూచుటకు సులభము. చెరువుమన్ను తెచ్చి, ఎండబెట్టి, నలుగగొట్టి, రాళ్లను వేళ్లను ఏరివేసి, నీట నానవేసి, సన్నని ఇసుక కలిపి, కాళ్లతో త్రొక్కవలెను. ఇసుక కలుపుట ఏలయని అడిగితిని. ఉత్త బంకమన్ను ఆరునప్పుడు మిక్కిలి ముడుచుకొని బీటలువారును; ఇసుక ముడుచుకొనదు గనుక ఆ ముడుతను తగ్గించును; లోపలి నీరు వెలుపలికి వచ్చుటకు సందులిచ్చును. పెద్దకుండ సారెమీదనే పూర్తి కాదు. సారెమీద మూతియు మెడయు తీర్చి, దించి, కొంత ఆరనిచ్చి, పిదప లోపల గుండ్రని రాయి నానించి, వెలుపల చెక్కతో తట్టుచు, పొట్టను పెంచి అడుగును మూయుదురు. తట్టినకొలదిని గోడ పలుచనగును, గట్టిపడును. నేను త్రొక్కిన మన్నులో గడ్డలు మిగిలెను. నేను చేసిన ముంతలు ఒక ప్రక్కకు ఒరగెను. మా యింటి యిల్లాలు వానిలో ఉప్పు పోయుటకు కూడ నొప్పుకొనలేదు. ఆరు మాసములు గడచునప్పటికి నిలువుగా నిలుచు కుండ యొకటి చేయగలిగితిని. ఆ ఆరుమాసములలో నా పరుగు కూడ 5 కిలోమీటర్లనుండి 25 కిలోమీటర్లకు పెరిగినది. రెండు విద్యలును వచ్చినవని నాకు గర్వము కలిగెను.

2022 శ్రావణమాసము వచ్చెను. ఆషాఢము పోయి శ్రావణము రాగానే పెండ్లిండ్లు వచ్చును. పెండ్లితోపాటు కుమ్మరి యింటినుండి మేళతాళములతో తెచ్చుకొను ఐరేని కుండలు వచ్చును. అవి మీకు తెలియనివి కావు. మామ ఒక యింటి పెండ్లికి ఆ కుండలను చేసి ఆరబెట్టెను. వానితోపాటు అమ్మకమునకు చట్లు, కడవలు నలుబది వరకు సిద్ధముచేసెను. అదే సమయమున నేనొక నీళ్లబాన చేసితిని. గోడ అంగుళము మందము. పరుగునకు హైదరాబాదు పోవుటకు మునుపే అది కాలవలెనని నా యాత్రము.

ఆవము పేర్చు దినమున మామ నా బానను చేతితో తడవి, చెంపకు ఆనించుకొని చూచెను. "ఇంకను చల్లగా నున్నది, పంతులుగారూ. లోపల నీరున్నది. వచ్చే ఆవమున పెట్టుదము" అనెను. వానకాలపు గాలిలోనే తేమ యుండును గదా. అట్టి గాలిలో మందపు గోడ త్వరగా నారదు. ఈ సంగతి నేను బడిలో పిల్లలకు చెప్పు పాఠమే. అయినను, "పైన తెల్లబారినది గదా, మామా!" అంటిని. తన బిడ్డలకు చదువు చెప్పిన పంతులను కాదనలేక ఆయన ఊరకుండెను. ఆ యూరకుండుటను నేను అంగీకారమనుకొంటిని.

సాయంకాలము పిడకలు, కట్టెలు, వరిగడ్డి పేర్చి నిప్పు పెట్టిరి. గంటన్నర కాకమునుపే ఆవములోనుండి తుపాకి పేలినట్లు చప్పుడు వినవచ్చెను. చెంచాడు నీరు మరిగి ఆవిరియైనచో, దానికి రమారమి 1,600 చెంచాల చోటు కావలెను. గోడలో చిక్కుకొన్న నీటికి ఆ చోటెక్కడిది? గోడను బ్రద్దలుచేసికొని వెలుపలికి వచ్చినది. మరునాడు ఆవము చల్లారిన పిదప విప్పి చూడగా, నా బాన పెంకుల కుప్పయై యుండెను. దాని పెంకులు తగిలి తొమ్మిది పాత్రలు పగిలెను. అందు నాలుగు ఐరేని కుండలు.

పెండ్లి మూడుదినములలో నున్నది. మూడుదినములలో కుండ చేసి ఆరబెట్టి కాల్చుట ఎవరితరమును కాదు. మామ ఒక్కమాటయైన అనక, తెల్లవారకమునుపే బస్సెక్కి, పది క్రోసుల దూరముననున్న తన బంధువుల యూరికి పోయి, వారి యింటి కుండలను తెచ్చి ఆ పెండ్లివారికిచ్చెను. తన చేతికుండ గాక మరియొకరి కుండను ఇచ్చుట ఆయన యేండ్లపర్యంతము ఎరుగడట. పగిలినవాని ఖరీదు నేనీయబోగా పుచ్చుకొనెను. నా క్షమాపణమును మాత్రము పుచ్చుకొనలేదు. వినిపించుకొననట్లు మన్ను త్రొక్కుకొనుచుండెను.

అదేవారమున నా కాలును ముక్కలగుటకు సిద్ధముగా నున్నది. వానలవలన రెండువారముల పరుగు తప్పిపోయినది. దానిని పూడ్చుకొనవలెనని యొక్కవారములో మూడుమారులు దూరపు పరుగులు పరుగెత్తితిని. మూడవనాడు కుడికాలి పిక్కయెముక ముందుభాగమున సూదితో పొడిచినట్లు నొప్పి కలిగెను. అయినను రెండుదినములు పరుగెత్తితిని. నాలుగవనాటికి నడుచుటయే కష్టమాయెను. డాక్టరుగారు పరీక్షచేసి, ఎముకపై సన్నని చీలిక పడినదనియు, ఆరువారములు పరుగు మాట తలపెట్టరాదనియు చెప్పిరి. 2022 పరుగు నాకు తప్పిపోయినది.

కఱ్ఱ నూతగా పట్టుకొని కుంటుచు మామ యింటికి పోతిని. ఆయన నా కాలివంక చూచి, అన్నిదినములకు మొదటిమారు నోరు విప్పెను.

"పైన తెల్లబారినది గదా యని కాలును కూడ ఆవమున పెట్టితిరా, పంతులుగారూ?"

అయ్యలారా, డాక్టరుగారు నాకు పటము గీసి చెప్పిన శాస్త్రమంతయు ఈ యొక్కమాటలో నున్నది. పరుగు నేర్చుకొనువానికి మొదట ఊపిరి కుదురును. అది కొన్ని వారముల పని. పిదప కండలు గట్టిపడును. అది కొన్ని మాసముల పని. ఎముకలును, కండలను ఎముకలకు కట్టియుంచు నరములవంటి కట్లును ఇంకను ఆలస్యముగా గట్టిపడును. అంతేకాదు. పరుగు దెబ్బ తగిలిన ఎముకను దేహము మొదట కొంత కరగించి, పిదప ఆ చోట క్రొత్త ఎముకను కట్టును. కరగుటకును కట్టుటకును మధ్య కొంతకాలము ఆ యెముక మునుపటికంటె బలహీనముగా నుండును. ఆ కాలమున విశ్రాంతి యిచ్చినచో మునుపటికంటె గట్టిపడును, ఈయకున్న చీలును. ఊపిరి కుదురుట పైన తెల్లబారుటవంటిది. దానిని చూచి లోపలకూడ ఆరినదనుకొనువాడు మోసపోవును.

"మన్ను త్రొక్కుట నా పని, సారె త్రిప్పుట నా పని, కాల్చుట నిప్పు పని. ఆరుట మాత్రము కుండ పని. దాని పనిని మనము చేయలేము, చేసికొననీయవలెను" అని మామ యనెను. అంతవరకు నేను విశ్రాంతి దినమనగా పని లేని దినమని తలచియుంటిని. పని జరుగునది ఆ దినముననే యని అప్పుడు తెలిసికొంటిని.

ఆ ఆరువారములు కాలు కదల్పరాదు గాని చేతులు కదల్పవచ్చును. మామ నాకు సారె ఈయలేదు, మన్ను త్రొక్కనీయలేదు. ఆరుచున్న కుండలకు కాపలా యుంచెను. అది సామాన్యమైన పని కాదు. కుండ యంచు త్వరగా ఆరును, అడుగు మెల్లగా ఆరును. ఈ తేడావలననే బీటలు పుట్టును. కావున అంచునకు తడిగుడ్డ కప్పవలెను. గాలి తగులు ప్రక్కను దినమున కొకమారు త్రిప్పవలెను. ఎండకు చూపక నీడనే యుంచవలెను. చెంపకు ఆనించి చూచి, చల్లదనము పూర్తిగా పోయినదాకా ఓపిక పట్టవలెను. ఏ కుండ ఎప్పుడారునో చెంప చెప్పునంతటి నేర్పు నాకు ఆరువారములలో అలవడెను.

ఖాళీగా నున్నప్పుడు పరుగును గూర్చిన పుస్తకములు చదివితిని. కుండకును పరుగునకును గల చుట్టరికము మన యూరిలో నేను కల్పించినది కాదనియు, రెండువేల అయిదువందల యేండ్లనాటిదనియు అందు తెలిసినది. గ్రీసు దేశమున ఏథెన్సు పట్టణమువారు తమ దేవత యుత్సవములలో పరుగు పందెములు పెట్టి, గెలిచినవారికి మట్టిబానల నిండ ఒలీవనూనె బహుమానముగా నిచ్చెడివారు. ఒక్కొక్క బానలో 35 లీటర్లకు మించి నూనె పట్టెడిది. బానకు ఒకవైపున ఆయుధములు దాల్చిన దేవతబొమ్మ, రెండవవైపున ఏ పందెమునకు ఆ బహుమానమో ఆ పందెపు బొమ్మ. అట్టి బానలు లండనునందలి బ్రిటిష్ మ్యూజియమున నేటికిని ఉన్నవి. ఆ బొమ్మలలో దగ్గరి పరుగువారు చేతులు చాచి విసరుచుందురు. దూరపు పరుగువారు మోచేతులు ముడిచి దేహమునకు దగ్గరగా నుంచుకొందురు. బలమును దాచుకొనుట దూరపు పరుగునకు మూలమని ఆనాటి కుమ్మరికి కూడ తెలియును. ఆ బొమ్మల నలుపు కూడ రంగు పూసినది కాదు. మన్నులోని ఇనుము గాలి తగిలినచో ఎఱ్ఱనగును. గాలి మూసి పొగ పట్టించినచో నల్లనగును. మన కుమ్మరులు నల్లకుండలను కాల్చునప్పుడు ఆవమును మూసి పొగబెట్టుట ఈ ధర్మముననుసరించియే.

నేటి మారథాను పరుగు 1896 లో ఏథెన్సులోనే మొదలైనది. అప్పుడు గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అను నీళ్లు మోయు గ్రామస్థుడు. ఆయనకిచ్చిన బహుమానములలో ఒకటి, క్రీస్తుకు పూర్వము ఆరవ శతాబ్దపు మట్టిపాత్ర; దానిపై పరుగెత్తువారి బొమ్మలున్నవి. ఆ పాత్ర తరువాత చాలకాలము కనబడకపోయెను. 2014 లో అది జర్మనీదేశపు మున్‌స్టర్ విశ్వవిద్యాలయమున నున్నదని గుర్తించిరి. 2019 లో దానిని గ్రీసునకు తిరిగి యిచ్చిరి. నీళ్లు మోయువానికి మట్టిపాత్రకంటె తగిన బహుమానమేమున్నది?

కాలు కుదిరిన పిదప మరల మొదటినుండి ఆరంభించితిని. ఈమారు వారమునకు ఒక్కటే దూరపు పరుగు. మూడువారములు కొంచెము కొంచెముగా దూరము పెంచి, నాలుగవవారము తగ్గించితిని. వాన వచ్చి తప్పిన పరుగును తప్పినట్లే విడిచిపెట్టితిని. విశ్రాంతి దినములు రెండును మామ యింట గడపితిని. మరియొక బాన చేసితిని. ఈమారు గోడను తట్టి తట్టి పలుచన చేసితిని. నలుబది దినములు నీడను ఆరనిచ్చితిని. 2023 వేసవి యారంభమున అది ఆవమునకెక్కెను. మరునాడు మామ దానిని తీసి వ్రేలితో కొట్టగా కంచువలె మ్రోగెను.

ఆ బాన నాకు పరుగునందు గురువైనది. ఎట్లనగా, మట్టికుండ నీటిని చల్లబరచు విధమును, దేహము తన్ను తాను చల్లబరచుకొను విధమును ఒక్కటే. కుండ గోడలోని సన్నని రంధ్రములగుండ నీరు ఊరి, ఆవిరియగుచు, లోపలి నీటి వేడిని తీసికొనిపోవును. మన చర్మముపై చెమటయు అట్లే చేయును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరినచో, అయిదు లీటర్ల మంచునీటిని మరిగించుటకు మించిన వేడి దేహమునుండి పోవును. కాని అది ఆరవలెను. ఉత్తగా కారి నేలబడిన చెమట వలన లాభము లేదు. గాలిలో తేమ హెచ్చైన దినమున కుండలో నీరు చల్లబడదు; అట్టి దినమున పరుగెత్తువాని దేహమును చల్లబడదు. కావున నేను తెల్లవారి లేచి మొదట బానలోని నీరు ముట్టుకొని చూతును. నీరు చల్లగా నున్న, నా వేగమున పరుగెత్తుదును. వెచ్చగా నున్న, మెల్లగా పరుగెత్తుదును. నీరు హెచ్చుగా త్రాగుదును. దీనికి మించిన యంత్రము నాకింతవరకు అవసరపడలేదు.

2023 ఆగస్టు చివరి ఆదివారమున హైదరాబాదులో చీకటితోనే పరుగు మొదలైనది. ఆ నగరమున వంతెనలు మెండు, ఎక్కుట, దిగుట. నాతో బయలుదేరినవారనేకులు మొదటి గంటలోనే నన్ను దాటిపోయిరి. వారి వెంట పోవలెనని కాళ్లు తహతహలాడెను. "పైన తెల్లబారినది గదా" అను నా మాటయే నాకు జ్ఞాపకము వచ్చి, మోచేతులు దగ్గరగా ముడుచుకొని నా వేగముననే పోతిని. 32 కిలోమీటర్లు దాటిన పిదప కాళ్లు బరువెక్కెను. ఎక్కుడు వచ్చిన చోట నడచితిని, దిగుడు వచ్చిన చోట పరుగెత్తితిని. 5 గంటల 52 నిమిషములలో గమ్యము చేరితిని.

ఊరికి వచ్చి మామకు చెప్పితిని. ఎన్నవవాడనైతినో, ఎంతసేపు పట్టినదో ఆయన యడుగలేదు.

"పగులలేదు గదా?" అని యడిగెను.

"లేదు, మామా."

"అయితే కాలినట్లే" అనెను.

ఇక నొక విన్నపము. "మీకిది ఆట, మాకిది అన్నము" అన్న మాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది. నేను నా కుండలను అమ్మను. నేర్చినందుకు మామకు నెలనెల గురుదక్షిణ యిచ్చుచున్నాను. మా బడి పిల్లలకు చల్లని నీళ్లకై ఆయన కడవలనే కొనుచున్నాము. కాని అది చాలదు. ఆయన కొడుకులిద్దరును వేరు పనులకు పోయిరి. స్టీలు బిందెయు ప్లాస్టిక్ కుండయు వచ్చినందున మాత్రమే కాదు. మన్ను దొరకమియు ఒక కారణము. మా చెరువును యంత్రములతో త్రవ్వి మట్టిని లారీలకెత్తునప్పుడు, కుండకు పనికివచ్చు మంచి బంకమన్ను రోడ్లక్రిందికి, మెరకలక్రిందికి పోయినది. ఊరి చెరువును గూర్చి మాట చెల్లునది మీది. త్రవ్వకమునకు మునుపు మీ యూరి కుమ్మరిని పిలిచి, మంచిమన్ను గల మూలను చూపుమని యడిగి, ఆ మూలను ఆతనికి విడిచిపెట్టుడు. దానివలన ఊరికి ఖర్చు లేదు. విడువకున్న, రేపటి శ్రావణమున ఐరేని కుండలకు పది క్రోసులు కాదు, వంద క్రోసులు పోవలసి వచ్చును.

మీ యిండ్లలో పరుగెత్తవలెనని యుత్సాహపడు కుఱ్ఱవారుందురు. వారిని నవ్వకుడు, ఆపకుడు. వారు తొందరపడునప్పుడు మాత్రము, ఆరుచున్న కుండయొకటి చూపి, చెంపకు ఆనించుకొని చూడుమని చెప్పుడు. ఆ చల్లదనము తెలిసినవాడు తన కాలిని కాపాడుకొనును. ఒకరి అన్నపుకుండను కూడ కాపాడును.

సెలవు.